పుట్ట లేని గొడుగు

చెట్టూ చేమా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పుట్టగొడుగుల గురించే. ఆరుద్ర కార్తెలో నాలుగు వానలు పడి, రాత్రి లైటు చుట్టూ ఉసిళ్ళు మూగాయంటే నాకు తెలిసిపోతుంది, ఇంకో రెండు వారాల్లో పోస్టుమన్ సంచి బరువెక్కుతుందని. ఈసారి ఉత్తరాలతో పాటు కవరులో పెట్టి పుట్టగొడుగులే పంపినవాళ్ళు ముగ్గురు. దయచేసి అలా పంపకండి. హన్మకొండ చేరేసరికి అవి నల్లటి నీళ్ళవుతున్నాయి, ఆ వాసనకు మా ఇంట్లోవాళ్ళు ఉత్తరాలను గేటు బయటే చదవమంటున్నారు.

మేడమ్, మా పుట్టిల్లు హుజూరాబాద్, అత్తగారిది తాడ్వాయి దగ్గర పల్లె. వానాకాలంలో మా అత్తమ్మ అడవికి పోయి పుట్టగొడుగులు తెస్తుంది. ఒకటి తిప్పి చూసి గంపలో వేస్తుంది, అలాంటిదే ఇంకోటి పారేస్తుంది. ఎందుకంటే చెప్పదు. తినే ప్రతిసారీ నాకు టెన్షనే. కూర ఉడికేటప్పుడు వెండి ఉంగరం వేస్తే, విషముంటే నల్లబడుతుందని మా అమ్మ చెప్పింది. విషపు గింజల ముష్టి చెట్టు కింద మొలిచినవి విషమని కూడా అంటారు. ఏది నమ్మాలి?
ఓ కోడలు, ములుగు జిల్లా

ముందు ఆ ఉంగరం తీసి వేలికి పెట్టుకోండమ్మా. వెండి నల్లబడేది గంధకం తగిలితే. కోడిగుడ్డుకూ నల్లబడుతుంది, వెల్లుల్లికీ నల్లబడుతుంది. పుట్టగొడుగుల్లో మనిషి ప్రాణం తీసే అసలు విషం పేరు అమాటాక్సిన్. దానికి వెండితో పని లేదు, పసుపుతో పని లేదు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా పోదు. పురుగు కొట్టింది కాబట్టి మంచిదే అనే లెక్క కూడా పనికిరాదు. నత్తలూ పురుగులూ హాయిగా తినే గొడుగులు మనల్ని చంపగలవు, వాటి ఒళ్ళు వేరు, మన ఒళ్ళు వేరు.

ముష్టి చెట్టు మాటకొస్తే, గొడుగులోని విషం దాని సొంత తయారీ. పక్క చెట్టు దగ్గర అప్పు తెచ్చుకోదు. ముష్టి కింద మంచిదీ మొలవొచ్చు, మామిడి కింద చెడ్డదీ మొలవొచ్చు.

ఇక మీ అత్తమ్మ. ఆమె చెప్పకపోవడం గర్వం కాదు, ఆ తెలివి ఆమెకు మాటల్లో లేదు. మా నాయనమ్మదీ అదే తంతు. నర్సంపేట దగ్గర మా ఊరు, పాకాల అడవి అంచున. ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట అనేది: "పుట్ట లేని గొడుగు మనది గాదు బిడ్డా." ఆ మాటలో ఎంత శాస్త్రముందో ఎమ్మెస్సీ చదివితే గానీ నాకు అర్థం కాలేదు.

మనవాళ్ళు ఇష్టపడి తినే ఆ తెల్ల గొడుగు చెదపురుగుల పంట. మాట వరసకు కాదు, నిజంగా పంటే. చెదలు ఎండుటాకులూ పుల్లలూ కొరికి లోపలికి మోసుకుపోయి, పుట్ట లోపలి గదుల్లో తేనెపట్టు లాంటి మెత్తటి గడ్డలు కడతాయి. ఆ గడ్డల మీద ఒక శిలీంధ్రాన్ని పెంచి తింటాయి. దాని శాస్త్రీయ నామం టెర్మిటోమైసిస్. చెదలు ఈ సేద్యం మొదలుపెట్టి సుమారు 3 కోట్ల ఏళ్ళయింది, మనం వరి వేయడం మొన్నటి సంగతి. వానలు పడి నేల నానాక ఆ శిలీంధ్రమే కింద గదుల్లోంచి మట్టిని చీల్చుకుని పైకి గొడుగు విప్పుతుంది. అందుకే ఏటా అదే కార్తెలో, అదే పుట్ట మీద, అదే మూల. మీ అత్తమ్మ అడవంతా వెతకదు చూడండి, నేరుగా నడుచుకుంటూ పోతుంది. ఈసారి ఆమెతో వెళ్ళి ఆమె చేతులు కాదు, కాళ్ళు ఎటు పోతున్నాయో గమనించండి.

తెంపేటప్పుడు కూడా చూడండి. మా నాయనమ్మ గొడుగును పట్టి లాగేది కాదు. కాడ పక్కన పుల్లతో మట్టి వదులు చేసి, రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి మెల్లగా తిప్పి తీసేది. కింద జానెడు, ఒక్కోసారి మూరెడు పొడవున ముల్లంగి తోక లాంటి వేరు వచ్చేది. కొస తెగి మట్టిలో ఉండిపోతే ఆ కొసకు చెదల గూడు ఉన్నట్టు. ఆ తోక ఒక గుర్తు. గొడుగు నడినెత్తిన మొనదేలిన చిన్న బొడిపె రెండో గుర్తు, మట్టిని చీల్చుకొచ్చేది దానితోనే. కాడ అడుగున సంచీ గానీ గిన్నె గానీ ఉండదు, అది మూడోది. అడుగున గుడ్డు పెంకు లాంటి సంచీ కనబడితే నాయనమ్మ ముట్టుకునేది కాదు. "అడుగు జూడకుంట తెంపకు" అని నా చేతి మీద ఒకటి వేసేది. లోకంలో ఎక్కువ మందిని చంపిన అమనీటా గొడుగులకు ఆ సంచీ ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నాయనమ్మ సూత్రంలో లోటు లేకపోలేదు. చెదల గూడు చాలాసార్లు నేల లోపలే ఉంటుంది, పైన పుట్ట కనబడదు. అప్పుడు మంచి గొడుగులే చదును నేల మీద వందలుగా మొలుస్తాయి, ఆమె వాటిని వదిలేసేది. వదిలేస్తే ఆ పూట పప్పుచారే గతి, అంతకు మించి నష్టం లేదు. పుట్ట పక్కన మొలిచిన ప్రతిదీ పుట్టదే అనుకోవడంతోనే ప్రమాదం.

ఇంకో సంగతి. ఇది స్థలం తెలివి. ఊరు మారితే వెంట రాదు. వియత్నాం, లావోస్ వైపు నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడినవాళ్ళు అక్కడ చెట్ల కింద తమ ఊరి వరిగడ్డి పుట్టగొడుగు లాంటిదే చూసి తెంపుకుని తిన్నారు. అది డెత్ క్యాప్, ప్రాణం తీసే అమనీటాల్లో ఒకటి. వాళ్ళు తెలియనివాళ్ళు కారు, తెలిసినవాళ్ళే. వాళ్ళకు తెలిసింది వేరే నేల గురించి.

నా సంగతీ అంతే. చెప్పుకోవడానికి సిగ్గే గానీ చెబుతాను. 1991లో కొత్తగా కాలేజీ క్వార్టర్స్‌లోకి మారాం. వాన వెలిసిన పొద్దున లాన్‌లో పళ్ళెమంత తెల్ల గొడుగులు, నెత్తిన గోధుమరంగు పొలుసులు, కాడకు పైకీ కిందికీ జరిగే ఉంగరం. గొడుగు కింద మడతల్లా ఉండే రేకలు తెల్లగా ఉన్నాయి. శిలీంధ్రాల పాఠం ఆ ఏడు నాదే. పుట్ట లేదు, తోక లేదు, అయినా తెంపాను. పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేసి వండాను. ఎనిమిదింటికి తిన్నాం, పది దాటేసరికి ఇద్దరం బాత్రూమ్ దగ్గర వంతులు. తెల్లారేదాకా సెలైన్. మా ఆయన లెక్కల లెక్చరర్. "పిల్లలు రికార్డులో బొమ్మ తప్పుగా వేస్తే మార్కులు కోస్తావు, నీకెవరు కోస్తారు?" అని ఇప్పటికీ అంటారు.

మర్నాడు ఇంటికొచ్చి చూస్తే వంటింటి గట్టు మీద, న్యూస్‌పేపర్‌పై బోర్లించి వదిలేసిన గొడుగు ఒకటి మిగిలి ఉంది. ఎత్తి చూశాను. పేపరు మీద బండి చక్రంలా, దాని ఆకుల్లా సన్నటి గీతలతో పొడి రాలి ఉంది. ఆకుపచ్చ పొడి. పాఠం చెప్పేటప్పుడు నేనే బోర్డు మీద రాసిన పేరు, క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. పచ్చటి బీజాల పొడి రాల్చేది దాదాపు అదొక్కటే. పచ్చికలో, పేడ ఎరువు పడ్డ పెరట్లో విరివిగా వస్తుంది. లేతప్పుడు రేకలు తెల్లగా ఉండి, ముదిరాక పచ్చబారతాయి. నేను తెంపింది లేతది.

ఆ పరీక్ష మీరూ చేయొచ్చు. కాడ కోసేసి, సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం పక్కపక్కన పరిచి, రెండింటి మీదా పడేలా గొడుగును బోర్లించి గిన్నె మూయండి. పొద్దున చూడండి. పుట్ట మీద గొడుగు లేత గులాబీ పొడి రాలుస్తుంది. పచ్చది రాలితే పారేయండి. తెల్లది రాలితే మంచిదని అర్థం కాదు, అమనీటాలవీ తెల్లవే. మీ అత్తమ్మ తెచ్చిన వాటికి ఈ పరీక్ష అక్కర్లేదనుకోండి. మీరు ఒంటరిగా తెంపిన వాటికి పరీక్ష ఎన్ని చేసినా నేను పొయ్యి మీద పెట్టమనను.

మా జామాయిల్ తోటలో నేల మీద గోలీల నుంచి నిమ్మకాయంత గుండ్రని గడ్డలు వచ్చాయి. బస్తర్ వైపు వీటిని బోడ అని చాలా ధరకు అమ్ముతారని మా పనివాళ్ళలో ఒకరు అన్నారు. ఫోన్‌లో ఫొటో తీసి యాప్‌లో చూస్తే తినొచ్చని ఒకసారి, తినకూడదని ఇంకోసారి వచ్చింది.
ఓ రైతు, భూపాలపల్లి

మీ పనిమనిషి చెప్పింది నిజమే, కానీ చెట్టు తప్పింది. బస్తర్‌లో తొలకరికి అంగట్లోకి వచ్చే బోడ గుగ్గిలం చెట్టు కింద నేలలోంచి తవ్వి తీస్తారు. హిందీలో సాల్ అనేది అదే. మీది జామాయిల్. ఇక్కడ చెట్టు పేరే సగం జవాబు.

గుగ్గిలం, జామాయిల్, దేవదారు, ఓక్ లాంటి చెట్లు కొన్ని శిలీంధ్రాలతో వేళ్ళ దగ్గర పొత్తు పెట్టుకుంటాయి. శిలీంధ్రం సన్నటి దారాలతో వేరు కొసకు తొడుగు కట్టి నీళ్ళూ భాస్వరం అందిస్తుంది, చెట్టు చక్కెర ఇస్తుంది. ఈ రకం పొత్తులోని శిలీంధ్రాలే వానకు నేల మీద గొడుగులుగా, గడ్డలుగా కనబడతాయి. ఒక్కో చెట్టుకు ఒక్కో బలగం. జామాయిల్ ఆస్ట్రేలియా చెట్టు, దాని బలగంలో చాలామంది దాని వెంటే ఊళ్ళు తిరిగారు. మన టేకు, ఇప్ప, తునికి, వేప, చింతలకూ పొత్తు ఉంది గానీ వేరే రకం. ఆ శిలీంధ్రాలు నేల దాటి గొడుగు విప్పవు. కాబట్టి ఇంగ్లిష్ పుస్తకంలోనో యాప్‌లోనో 'ఫలానా చెట్టు కింద వెతకండి' అన్న సలహా మన టేకడవిలో పనిచేయదు. టేకు కింద గొడుగు కనబడితే అది చెదలదో, ఆకుచెత్తదో, కుళ్ళిన మొద్దుదో. టేకుది మాత్రం కాదు.

ఒక గడ్డను కత్తితో నిలువునా కోయండి. పై తోలు మందంగా, లోపల ఊదా నలుపు గట్టిగా ఉంటే స్క్లెరోడెర్మా. తింటే వాంతులు. లోపల బియ్యపు గింజల్లా చిన్న చిన్న గూళ్ళుండి, చేతికి తారు లాంటి పసుపు గోధుమ మరక అంటితే పైసోలిథస్. రెండూ జామాయిల్ తోటల్లో మామూలే. రెండోది మీ చెట్లకు మేలు చేసేది, దాన్ని అలాగే ఉంచండి. యాప్ సంగతి: అది ఫొటో చూస్తుంది, కోసి చూడదు, కింద ఏ చెట్టుందో అడగదు.

ఇంటి ముందు తాతల నాటి చింతచెట్టు. మొదట్లో నేలకు ఆనుకుని వార్నిష్ పూసినట్టు మెరిసే ఎర్ర గోధుమ పలక ఒకటి పెరిగింది, అంచు తెల్లగా ఉంది. రీషి అని మందుగా డబ్బాల్లో అమ్మేది ఇదేనంటున్నారు. పొడి చేసి తాగొచ్చా?
ఓ పాఠకుడు, జమ్మికుంట

తాగే సంగతి పక్కన పెట్టండి. మీ చెట్టుకు జబ్బు చేసింది, మీరేమో జబ్బునే మందుగా తాగుదామంటున్నారు.

మీరు చెప్పిన గుర్తులు గానోడెర్మావి. రీషి కూడా ఆ జాతిదే, కానీ ఆ జాతిలో చాలా రకాలున్నాయి, పైపైన చూసి విడదీయలేం. పలక మీద కోకో పొడి లాంటి గోధుమ దుమ్ము పడి ఉంటుంది, వేలితో రాసి చూడండి. అవి దాని బీజాలే. అసలు శిలీంధ్రం మొదట్లో, వేళ్ళలో ఏళ్ళుగా ఉండి చెక్కకు బిగువునిచ్చే పదార్థాన్ని తింటోంది. కాయ తెంపితే మామిడిచెట్టు చావనట్టే, పలక విరిచేస్తే తెగులు పోదు.

చెక్క సుత్తితో మొదలు చుట్టూ కొట్టి వినండి. డొల్ల మోత వచ్చిన వైపు ఎంత మేర ఉందో సుద్దతో గీయండి. చెట్టు ఇంటివైపు వాలి ఉందా, ఒకవైపు నేల ఉబ్బిందా చూడండి. ఆకులు పచ్చగా ఉన్నాయని ధీమా వద్దు, లోపల డొల్లయిన చింతలు పచ్చటి కొమ్మలతోనే గాలికి కూలతాయి. ఉయ్యాల ఉంటే ఇవ్వాళే విప్పండి. బరువు తగ్గేలా కొమ్మలు కొట్టించి, కొట్టేయాలా ఉంచాలా అన్నది చెట్ల పని తెలిసినవాళ్ళను పిలిచి చూపించాకే తేల్చుకోండి. తాతల నాటి చెట్టు కాబట్టి మనసొప్పదు, తెలుసు. మా ఇంటి ముందు వేపకూ ఇదే వస్తే నేను రెండేళ్ళు నానబెట్టాను. చివరికి అది మా స్కూటర్ మీద పడింది.

ఆయిల్‌పామ్ వేసినవాళ్ళు కూడా ఈ పలకను గుర్తుపెట్టుకోవాలి. కొబ్బరి, ఆయిల్‌పామ్ మొదళ్ళను కుళ్ళబెట్టే గానోడెర్మా తెగులు ఈ జాతిదే.

2024 ఆగస్టు 31న గాలివానకు తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు కూలాయి కదా. ఆ దారిలో పడి ఉన్న మొద్దుల మీద బొటనవేలి గోరంత తెల్లటి విసనకర్రలు వరసలుగా వచ్చాయి. ఏ చెట్టు మీదైనా అవే. ఏమిటవి?
ఓ డిగ్రీ విద్యార్థి, హన్మకొండ

షైజోఫిల్లమ్ అనే చెక్క మీది పుట్టగొడుగు. నీ దగ్గర భూతద్దం ఉంటే ఒకటి ఊడదీసి వెనక్కి తిప్పి చూడు. రేకలు విసనకర్ర మడతల్లా ఉంటాయి, ప్రతి రేక అంచూ నిలువునా రెండుగా చీలి ఉంటుంది. ఎండకు ఆ చీలికలు చెరోవైపు ముడుచుకుని బీజాలను దాచుకుంటాయి. ఎండినదాన్ని ఇంటికి తెచ్చి సాసర్‌లో చుక్క నీళ్ళు వెయ్యి. కాసేపట్లో రేకలు విప్పుకుంటాయి. నా క్లాసులో నిద్రపోయేవాళ్ళు కూడా దానికి లేచి కూర్చునేవాళ్ళు.

బోడకు గుగ్గిలం లాంటి పొత్తు చెట్టు కావాలి, దీనికి ఆ పట్టింపు లేదు. మద్ది అయినా మామిడి అయినా చచ్చిన చెక్క అయితే చాలు. మణిపూర్‌లో కంగ్లాయెన్ అని వండుకుంటారు. మన దగ్గర నమలలేక ఎవరూ ముట్టుకోరు.

గడ్డివాము అడుగున మొలిచేవి తినొచ్చా?
ఓ పాఠకురాలు, పరకాల

వరిగడ్డి పుట్టగొడుగు కావచ్చు. మంచి తిండే, పెంచి అమ్ముతారు కూడా. కానీ దాని అడుగున కూడా సంచీ ఉంటుంది, పైన చెప్పిన అమెరికా పొరపాటు అందుకే జరిగింది. నిండా విప్పుకున్నదాని పొడి గులాబీ రంగులో రాలాలి. గుడ్డులా ముడుచుకున్నప్పుడు తెంపి తేవద్దు. వాములో ఎలుకల మందు పెట్టారేమో కూడా ఇంట్లో అడగండి.

తిన్నాక వాంతులైతే మజ్జిగ తాగిస్తే విరిగిపోతుందా?
ఓ పాఠకుడు, ఏటూరునాగారం

విరగదు. 108కి ఫోన్ చేయండి. ఎప్పుడు తిన్నారో, వాంతులు ఎప్పుడు మొదలయ్యాయో కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. మిగిలిన పుట్టగొడుగులు, పచ్చివైనా వండినవైనా, కాగితంలో చుట్టి తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ కవరులో కుళ్ళిపోతాయి. వాళ్ళతో కలిసి తిన్నవాళ్ళందరినీ, బాగున్నా సరే, వెంట తీసుకెళ్ళండి.

మాకు రెండు గంటల్లో మొదలైంది, అది నయం. ఒంట్లో నీళ్ళు పోయి పిల్లలకూ ముసలివాళ్ళకూ ప్రమాదమే గానీ మామూలుగా తేరుకుంటారు. తిన్న ఆరు గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు మొదలయ్యేవి భయంకరం. అమాటాక్సిన్ తీరు అది. ఒకరోజు వాంతులు, విరేచనాలు అయి, తర్వాత తగ్గినట్టే ఉంటుంది. మనిషి లేచి కూర్చుని కాఫీ అడుగుతాడు. లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది, మూడో రోజుకో నాలుగో రోజుకో కళ్ళు పచ్చబడతాయి. తగ్గింది కదా అని డిశ్చార్జి చేయించుకుని ఇంటికి తెచ్చుకోవద్దు. అమనీటాల్లోనే కాదు, చెత్త మీద మొలిచే లెపియోటా అనే చిన్న పొలుసుల గొడుగుల్లో కొన్నింటిలోనూ ఈ విషం ఉంది. త్వరగా వాంతులయ్యాయి కాబట్టి ఫరవాలేదని కూడా అనుకోలేం, ఒకే కూరలో రెండు రకాలు కలిసి ఉండొచ్చు.

పుట్ట మీది గొడుగులను డాబా మీద కుండీలో పెంచాలనుంది. విత్తనం ఎక్కడ దొరుకుతుంది?
ఓ పాఠకురాలు, కాజీపేట

దొరకదమ్మా. చెదలు లేకుండా అది గొడుగు విప్పదు, బటన్ మష్రూమ్‌లా దాన్ని పంటగా పండించడం ఇంతవరకు కుదరలేదు. కుండీలోకి చెదలను తెచ్చుకుంటానంటే మీ ఇంటాయన తలుపులను ఒకసారి తలుచుకోండి. ఎండాకాలం మిల్కీ మష్రూమ్, చలికాలం ముత్యపు చిప్ప పుట్టగొడుగు పెంచుకోండి. రెండూ ఉడకబెట్టి ఆరబెట్టిన వరిగడ్డి మీద పెరుగుతాయి. ఆ పద్ధతి వచ్చే నెల రాస్తాను, అప్పటిదాకా గడ్డి తడవకుండా దాచండి.